ఈగలగుట్ట తాడు

తేనె తీయడానికి గుట్ట అంచు నుంచి కిందికి దిగేవాడి తాడును వాడి పెళ్లాం తోడబుట్టినవాడే పట్టాలి. మా గూడెంలో ఇది పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. సొంత అన్నదమ్ములు పట్టకూడదు. ఎందుకని పట్నంలో ఒక విలేఖరి అడిగితే నాకు నవ్వొచ్చింది. అన్న పడి చస్తే తమ్ముడికి చేను వస్తుంది, వదిన వస్తుంది. బావ పడి చస్తే బామ్మర్దికి వచ్చేదేముంది? మొగుడు పోయిన అక్క వస్తుంది, ఆమె కొంగు పట్టుకొని నలుగురు పిల్లలొస్తారు. అందుకే బామ్మర్ది పట్టు గట్టిది. మా పెద్దలకు ప్రేమల మీద అంత నమ్మకం లేదు.

తాడుకు ఇంకో పద్ధతి ఉంది. అంచు దాటి దిగాక మనిషి పైవాడికి కనబడడు, తేనెటీగల హోరులో మాట వినబడదు. కిందివాడు తాడును రెండుసార్లు లాగితే 'ఉన్నావా?' అని. పైవాడు ఒకసారి లాగితే 'ఉన్నాను' అని. ఈ రెండు సంగతులు తెలిస్తే చాలు, హీరో జగదీష్ కథ మీకు అర్థమవుతుంది. టీవీల వాళ్లు వారం రోజులు చెప్పి కూడా అర్థం చేయించలేకపోయారు.

జగదీష్ అసలు పేరు పగిడయ్య. మా అక్క కన్నమ్మ మొగుడు, నాకు బావ. మా గూడెం పినపాక దాటి అడవిలోకి పోయే దారిలో, ఈగలగుట్ట కింద ఉంటుంది. ఆ గుట్ట రాతి అంచుకు ఏటా పెద్ద ఈగలు పట్టు పెడతాయి. ఒక్కో పట్టు చేటంత ఉంటుంది.

పగిడయ్యకు తొమ్మిదేళ్లప్పుడు వాళ్ల నాయన ఆ గుట్ట మీంచి పడి చచ్చిపోయాడు. తాడు పట్టాల్సిన మేనమామ ఆ రోజు చలిజ్వరంతో ముసుగుతన్ని పడుకున్నాడు. మబ్బు పడుతోంది, వాన కొడితే తేనె పలచబడుతుంది. "సొంత తమ్ముడే గదా, ఏమైతది" అని నాయన తన తమ్ముణ్ణి వెంట తీసుకుపోయాడు. పొద్దెక్కేసరికి శవం గుట్ట కింద ఉంది. దాని పక్కన నార తాడు కుప్పగా పడి ఉంది.

గూడెం పెద్దలు ముందుగా చూసింది శవాన్ని కాదు, ఆ తమ్ముడి అరచేతుల్ని. తాడు పట్టు జారితే చర్మం ఊడి వస్తుంది, కావాలని వదిలేస్తే ఏమీ కాదు. ఆయన చేతులు నున్నగా ఉన్నాయి, ఒక్క గీత కూడా లేదు. "నేను వదల్లే" అని మట్టిలో పడి పొర్లాడు. తొమ్మిదేళ్ల పగిడయ్య ఏడవకుండా నిలబడి ఆ చేతులనే చూశాడట. మా అమ్మ ఎన్నోసార్లు చెప్పింది.

పెద్దలు తప్పు కట్టించారు. ఒక మేక, రెండు కుండల ఇప్పసారా. మేకను తిని, సారా తాగాక వాళ్లకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. పగిడయ్య తల్లి పుల్లమ్మకూ ఆ పిల్లవాడికీ తిండి పెట్టేదెవరు? చిన్నాయన ఎదురుగానే ఉన్నాడు. చంపినవాడని తాము తేల్చినవాడికే పోయినవాడి ఆలినీ కొడుకునూ అప్పజెప్పి, చేతులు దులుపుకొని లేచారు. మా పెద్దల న్యాయం గురించి ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

చిన్నాయన పగిడయ్యను కొట్టేవాడు. అదేం వింత కాదు, దెబ్బలు తినని పిల్లలు మా గూడెంలో లేరు. వింత ఏమిటంటే, పిల్లవాడు ఎప్పుడూ ఆయన చేతులవంకే చూసేవాడు. అన్నం కలుపుతుంటే చూసేవాడు, చుట్ట చుడుతుంటే చూసేవాడు. ఒకరోజు ఆయనకు ఒళ్లు మండింది. "చూస్తవారా? దా, దగ్గర నుంచి చూద్దువు" అని గుట్టకు ఈడ్చుకుపోయి, నడుముకు తాడు కట్టి కిందికి దింపాడు. సగం దిగాక పిల్లవాడు రెండుసార్లు లాగాడు. పైనుంచి జవాబు లేదు. మళ్లీ లాగాడు. లేదు. ఈగలు కళ్ల మీద, చెవుల్లో కుడుతూనే ఉన్నాయి.

కాలు మోపే చోటు దొరకగానే పగిడయ్య నడుము ముడి విప్పేసుకున్నాడు. జవాబు ఇవ్వని చేతికి వేలాడటం కంటే రాయిని పట్టుకోవడమే మేలనుకున్నాడు. వేళ్లు దూరే సందు పట్టుకొని పక్కకు పాకి, గుట్ట వెనక నుంచి ఇంటికొచ్చాడు. మొహం గుమ్మడికాయంత వాచింది. పుల్లమ్మ సున్నం పూస్తూ, "మీ చిన్నాయన తాడు ఇడువలే గదా? మరేంది ఏడుపు? తిను" అంది. ఆ తర్వాత నాలుగేళ్లపాటు ప్రతి తేనె కాలంలోనూ ఆయన దింపాడు, ప్రతిసారీ జవాబు ఇవ్వలేదు, ప్రతిసారీ వీడు ముడి విప్పుకొని పాకాడు. థియేటర్లలో జనం ఈలలేసిన ఒడుపంతా అక్కడ నేర్చుకున్నదే. గురుదక్షిణ తర్వాత చెల్లించాడు, అదీ చెబుతాను.

పంతొమ్మిదేళ్లకు మా ఇంటికి పిల్లనడగ వచ్చాడు. మా అక్క మంచి కళగా ఉండేది, ఆమె కోసమే వచ్చాడని మేమంతా మురిశాం. వాడు అక్కను చూడలేదు. నా రెండు చేతులూ పట్టుకొని, వేళ్లు విరిచి చూసి, మా నాయనతో, "నాకు తాడు పట్టే చెయ్యి కావాలె మామా. మీ ఇంట్ల ఉన్నది" అన్నాడు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. నవ్వాల్సిన మాట కాదని ఆ తర్వాత పదేళ్లకు గానీ మాకు తెలియలేదు.

2001లో భద్రాచలం అవతల గోదావరి ఒడ్డున సినిమా షూటింగ్ జరిగింది. గుంపులో నిలబడటానికి మా గూడెం నుంచి పదిమందిని తీసుకుపోయారు. హీరోకు బదులు కొండ మీంచి దూకాల్సిన డూప్ ఆ ఎత్తు చూసి కడుపునొప్పి అన్నాడు. ఫైట్ మాస్టర్ బూతులు తిడుతుంటే బావ ముందుకొచ్చాడు. "నేను దుంకుత సార్. తాడు మా బామ్మర్ది పడతడు" అన్నాడు. మూడు టేకులు దూకాడు. మాస్టర్ మా ఇద్దరినీ హైదరాబాద్ రమ్మన్నాడు.

కృష్ణానగర్‌లో ఒక కిరాయి గది. అందులో బావ, అక్క, నేను. రెండేళ్లు బావ ఎవరెవరికో డూప్‌గా దెబ్బలు తిన్నాడు. అద్దాల్లోంచి దూకాడు, కాలుతున్న చొక్కాతో పరిగెత్తాడు. అక్క ప్రతిరోజూ ఒంటికి నూనె రాసి, గాజుముక్కలు ఏరేది. ఎత్తు మీంచి చేసే పని ఏదైనా తాడు నా చేతిలో ఉంటేనే చేసేవాడు. రెండు లాగులు, ఒక లాగు. నేను జవాబు ఇవ్వని రోజు ఒక్కటీ లేదు.

2004లో ఒక చిన్న నిర్మాతకు హీరో దొరక్క బావను పెట్టి తీశాడు. పగిడయ్య అన్న పేరు పోస్టర్ మీద బాగుండదని జగదీష్ అని పెట్టారు. 'డూప్ లేని హీరో' అని రాశారు. సినిమా ఖమ్మంలో వంద రోజులాడింది. ఆ తర్వాత బంజారాహిల్స్‌లో ఇల్లు, గేటు ముందర జనం. టీవీ వాళ్లు వచ్చి చిన్నతనం గురించి అడిగితే బావ తండ్రి చావు చెప్పి ఏడ్చేవాడు. నిజంగానే ఏడ్చేవాడు, అందులో అబద్ధం లేదు. "నాకు ఈ లోకంలో ఎవరూ లేరు" అనేవాడు చివరికి. ఒకసారి ఆ మాట అంటున్నప్పుడు అక్క టీ పళ్లెంతో పక్కనే నిలబడి ఉంది. యాంకరమ్మ కప్పు తీసుకొని, "మీ పనమ్మాయి టీ బాగా పెడుతుందండీ" అంది. బావ కళ్లు తుడుచుకుంటూ, "అవునండీ, మా ఊరి మనిషి" అన్నాడు.

హీరోకు పెళ్లయిందంటే టికెట్లు తెగవని మేనేజర్ చెప్పాడట. పిల్లలుంటే అసలే తెగవట. అక్కకు రెండుసార్లు కడుపు తీయించారు. రెండోసారి దవాఖానా నుంచి ఆటోలో తీసుకొచ్చింది నేనే. గుంతలో ఆటో ఎగిరిపడినప్పుడల్లా నా భుజం కొరికింది కానీ నోరు తెరవలేదు. ఆ సాయంత్రం బావ ఆడియో ఫంక్షన్‌లో తల్లి ప్రేమ గురించి మాట్లాడాడు. ఓడ ఎక్కేదాకా ఓడమల్లన్న, దిగాక బోడిమల్లన్న అంటారు. మా ఓడమల్లన్న మాత్రం మమ్మల్ని ఓడలోంచి దింపనూ లేదు, కూర్చోబెట్టనూ లేదు. తాడు కావాలి కదా.

గురుదక్షిణ సంగతి చెబుతానన్నాను. 2005లో బావ మూడో సినిమా తీస్తున్నప్పుడు చిన్నాయనకు కబురు పంపాడు. అప్పటికి పుల్లమ్మ చనిపోయింది. ముసలాయన చేతికర్రతో, కొత్త చొక్కాతో హైదరాబాద్‌లో బస్సు దిగాడు. కొడుకు క్షమించాడని మురిసిపోయాడు. సినిమాలో ఆయనకు ఒక చిన్న వేషం ఇచ్చారు. హీరో తండ్రిని చంపిన ముసలి దుర్మార్గుడు. హీరో వచ్చి తన్నాలి.

బావ నిజంగానే తన్నాడు. మొదటి తన్నుకే ముసలాయన ఊపిరి ఆగినంత పనైంది. డైరెక్టర్ "ఓకే" అన్నాడు. "నాకు సరిపోలేదు సార్, ఇంకొకటి" అన్నాడు బావ. పదకొండు టేకులు. ప్రతి టేక్ ముందరా వంగి, కాళ్లు పట్టుకొని లేపి, చొక్కా దులిపి, "ఏం కాలే గద చిన్నాయనా?" అని అడిగేవాడు. "ఏం కాలే బిడ్డా" అనేవాడాయన. యూనిట్ అంతా హీరో సంస్కారం చూసి ముచ్చటపడింది. నేనూ అక్కడే ఉన్నాను. నాకు కూడా అప్పుడు బాగానే అనిపించింది, దాచడమెందుకు.

పక్కటెముకలు మూడు విరిగాయి. ఊరివైపు తీసుకొచ్చి భద్రాచలం దవాఖానాలో చేర్పించి దగ్గర కూర్చోవడం నా వంతైంది. చనిపోయే ముందరి రోజు మధ్యాహ్నం ముసలాయన తన అరచేతులు రెండూ నా ముందు చాపాడు.

"నేను ఇడువలే జంపయ్యా. మా అన్ననే ముడి ఇప్పుకున్నడు" అన్నాడు.

"ఊకో పెద్దాయనా. ఎవరన్న నడి గుట్ట మీద ముడి ఇప్పుకుంటరా?"

"ఈగల హోరు అందకముందే పైనుంచి నేనొక మాటన్న. నాకూ పుల్లమ్మకూ ఉన్న సంగతి. ఎందుకన్ననో, కడుపుల దాగలే. అన్న రెండుసార్లు గుంజిండు. నేను జవాబియ్యలే. గంతే. తాడు పట్టుకునే ఉన్న, జవాబే ఇయ్యలే. కొంచెం సేపటికి తాడు తేలికైంది. భయపడి తాడు కిందికి ఇసిరేసిన."

నేను నమ్మలేదు. చచ్చేముందు మనిషి తన పాపం కడుక్కోవడానికి ఏదో ఒకటి అంటాడనుకున్నాను. లేచి బయటికి పోయి టీ తాగాను. ఆ మాట మాత్రం చెవిలో ఉండిపోయింది.

2008లో బావకు హేమలత అనే నిర్మాత కూతురితో పెళ్లి కుదిరింది. అక్కను గూడేనికి పంపేశారు. మేనేజర్ కారులో వచ్చి కాగితాల మీద ఆమె వేలిముద్ర వేయించుకుపోయాడు. అక్క ఆ కాగితాలు చదవలేదు, చదవడం రాదు కూడా. నేను చదివి చెప్పాను. ఆమె ఒకటే అడిగింది. "గడ్డి సంగతేంది?"

మా గూడెంలో ఆలుమగలు విడిపోవాలంటే కాగితాలు పనికిరావు. ముగ్గురు పెద్దల ముందర ఒక గడ్డిపోచ చెరొక కొన పట్టుకొని తెంచాలి. మొగుడు రాకపోతే రెండో కొనను ఇంటి గుంజకు కట్టి తెంచవచ్చు. అది తెగనంతవరకు పట్నంలో ఎన్ని కోర్టులున్నా ఆమె వాడి పెళ్లామే.

నేను హైదరాబాద్ పోయి బావను అదే అడిగాను. కొత్త ఇంట్లో సోఫా మీద కాళ్లు చాపుకొని ఉన్నాడు. నవ్వాడు.

"కాగితం పట్నపోళ్లకు బామ్మర్దీ. గడ్డి నేను తెంప. మీ అక్క నా పెండ్లామే, గూడెంల ఉంటది. నువ్వు నా తాడు పట్టుడు పట్టుడే."

"మరి హేమలతమ్మ?"

"ఆమెకు తమ్ముళ్లు లేరురా" అని పడీ పడీ నవ్వాడు.

అప్పుడు నాకు అర్థమైంది. వాడు మా అక్కను ఇన్నేళ్లు పెళ్లాంగా ఉంచుకున్నది నా చేతుల కోసం. ఇకముందు ఒక గడ్డిపోచతో ఉంచుకోబోయేది కూడా నా చేతుల కోసమే. ఆమె నవ్వు, ఒళ్లు, కడుపులో పోయిన రెండు ప్రాణాలు, ఇవన్నీ తాడుతోపాటు కొసరుగా వచ్చినవి. నా చేతులు నరుక్కుంటే తప్ప ఆమెకు విడుదల లేదనిపించింది.

అదే ఏడాది వానలు వెనకపట్టాక బావ కొత్త సినిమాకు ఈగలగుట్ట మీద షాట్ పెట్టించాడు. తండ్రి పడిన చోటే కొడుకు దిగుతాడు, డూప్ లేకుండా, క్రేన్ లేకుండా. టీవీల వాళ్లకు వారం ముందే చెప్పారు. రెండు రోజులు పొగబెట్టి ఈగలన్నిటినీ తరిమేశారు. కొత్తగూడెం నుంచి, మణుగూరు నుంచి జనం లారీల్లో వచ్చి గుట్ట కింద చేరారు.

ఆ రోజు పొద్దున్నే అక్క ముగ్గురు పెద్దలను పిలిచింది. నేను పోయేసరికి గడ్డిపోచ ఒక కొన గుంజకు కట్టి ఉంది. రెండో కొన ఆమె చేతిలో ఉంది. నన్ను చూసి, నేను వచ్చేదాకా ఆగినట్టుగా ఒక్క గుంజు గుంజింది. పుటుక్కుమంది. పదేళ్ల కాపురం అంత చిన్న చప్పుడు చేస్తుందని నేననుకోలేదు.

"ఇగ వాని తాడు నేను పట్టను" అన్నాను.

"పడతవ్" అంది అక్క. "ఇయ్యాల ఒక్కనాడు పడతవ్. గట్టిగ పట్టు. దిగినంక చెప్పు, వాని మొగం మీద చెప్పు. నేను వాన్ని ఇడిసిపెట్టిన ఆడదాన్ని తమ్మీ. మొగడు సచ్చిన దాన్ని గాను. నన్ను ముండమోపి చేసినవనుకో, వాడే గెలిచినట్టు. ఊరంతా నన్ను వాని పేరు మీదనే ఏడిపిస్తది. అర్థమైతాందా?"

"అవ్" అన్నాను.

"చేతిల చెయ్యెయ్యి."

వేశాను. ఆమె చెయ్యి గడ్డి కోసుకుని సన్నగా నెత్తురొస్తోంది.

గుట్ట పైన ఫైట్ మాస్టర్ ఇంకో ఇద్దరిని తాడు మీద పెడతానన్నాడు, రెండో వైరు కూడా వేస్తానన్నాడు. బావ ఒప్పుకోలేదు. "తాడు మీద ఒక్క చెయ్యే ఉండాలె మాస్టర్. రెండు చేతులుంటే ఒకటి అబద్ధమాడతది" అన్నాడు. టీవీ కెమెరా ముందు నన్ను కౌగిలించుకొని, "ఈయన మా ఊరి మనిషి" అన్నాడు. అక్కను అన్నట్టే అన్నాడు. నడుముకు బెల్ట్, బెల్ట్‌కు ఇనుప హుక్కు, హుక్కుకు తాడు. తాడును చెట్టు మొదలుకు ఒక చుట్టు తిప్పి నేను పట్టాను. బావ అంచు దాటాడు. రెండు లాగులొచ్చాయి. నేను ఒకటి లాగాను. అప్పటికి నా మనసులో మాట తప్పాలని లేదు. ఇది మీరు నమ్మినా నమ్మకపోయినా నిజం.

నలభై అడుగుల కింద అడుగు వెడల్పు రాతి గట్టు ఉంది. బావ దాని మీద నిలబడ్డాడు. డైరెక్టర్ మబ్బు తొలగాలని అందరినీ ఆపాడు. ఈగలు లేవు కాబట్టి గుట్టంతా నిశ్శబ్దంగా ఉంది. మాట్లాడితే కింది నుంచి స్పష్టంగా వినబడుతోంది. బావకు తోచక మా గూడెం బాసలో కబుర్లకు దిగాడు. యూనిట్‌లో ఎవరికీ అది రాదు.

"బామ్మర్దీ! మీ అక్క ఇంకా ఏడుస్తనే ఉన్నదా?"

నేను చెట్టు మొదలు దగ్గర తాడు చుట్టు సర్దుకున్నాను.

"పెండ్లైనంక ఒక చీర పంపుత లే. ఎర్రది వద్దు. ముసల్దయింది గదా, మట్టి రంగుది పంపుత."

కోపంలో నోరు జారానని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉంటుంది. అక్కకు వేసిన ఒట్టు గుర్తుంది. చిన్నాయన దవాఖానా మంచం మీద చాపిన చేతులు కూడా గుర్తొచ్చాయి. రెండూ గుర్తుండగానే నేను నోరు తెరిచాను.

"బావా, పొద్దున అక్క గడ్డి తెంపింది."

కింద బూటు రాతికి గీసుకుంది.

"ఏందీ?"

"గడ్డి. ముగ్గురు పెద్దల ముందర. గుంజకు కట్టి తెంపింది. తెగిపోయింది బావా."

తర్వాత తాడు రెండుసార్లు కదిలింది. ఉన్నావా?

ఒక్కసారి లాగితే చాలు. చిటికెన వేలితో లాగినా తెలుస్తుంది. నేను తాడును గట్టిగా పట్టుకున్నాను, అక్క చెప్పినంత గట్టిగా, పిడికిళ్లు తెల్లబడేలా. లాగలేదు.

మళ్లీ రెండుసార్లు కదిలింది. ఈసారి గొంతు కూడా వచ్చింది. "జంపా! జంపయ్యా! ఉన్నవారా? ఒక్కసారి గుంజురా." అది హీరో జగదీష్ గొంతు కాదు. పదేళ్ల పిల్లవాడి గొంతు. డైలాగ్ ప్రాక్టీస్ చేస్తున్నాడని అసిస్టెంట్ డైరెక్టర్ నవ్వాడు. నాకు జాలి కలిగింది, చెబుతున్నాను. కలిగినా లాగలేదు.

తాడు తేలికైంది.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు, చెవులతో విన్నాను. హుక్కు తీసేసి బావ వేళ్లతో సందు పట్టుకొని పక్కకు పాకడం మొదలుపెట్టాడు. కింద జనం అది చూసి పిచ్చెక్కిపోయారు. డూప్ లేడనుకున్నారు, ఇప్పుడు తాడు కూడా లేదు. "జగదీష్! జగదీష్!" అని ఈలలు, చప్పట్లు, కాగితాలు చింపి గాల్లోకి చల్లారు. పదేళ్ల వయసులో వట్టి కాళ్లతో పాకిన దారి అది. ఇప్పుడు కాళ్లకు హీరో బూట్లున్నాయి, రాతి మీద పాకురుంది. ఈలలు ఆగిన తర్వాత కూడా ఎవడో ఒకడు వేస్తూనే ఉన్నాడు. వాడికి ఆలస్యంగా అర్థమైనట్టుంది.

పోలీసులు హుక్కు పాడైందని రాసుకున్నారు. ఎవరూ ఆ మాటకు అడ్డు చెప్పలేదు, ఎందుకంటే అది ఎవరికీ నష్టం కాదు. సినిమా మిగతా భాగాన్ని డూప్‌తో పూర్తి చేశారు. ఆ షాట్‌ను చివరిదాకా ఉంచి విడుదల చేశారు. ఖమ్మంలో జనం ఆ షాట్ కోసమే రెండోసారి పోయారట. హేమలతమ్మ టీవీలో ఏడ్చింది. తెల్ల చీర కట్టుకోలేదు, కట్టుకోవలసిన అవసరం ఆమెకు లేదు.

మా గూడెం వాళ్లకు హుక్కుల సంగతి పట్టదు. నేను గుట్ట దిగి వచ్చేసరికి అందరూ శవం చుట్టూ ఉన్నారు. నన్ను చూసి దారి ఇచ్చారు. పెద్దలు ముగ్గురూ నా మొహం చూడలేదు, చేతులు చూశారు. వాళ్లేమీ అనకముందే అక్క వచ్చి నా రెండు చేతులూ పట్టుకొని వెల్లకిలా తిప్పింది. ఒక్క గీత లేదు, పొక్కు లేదు. ఆమె అరచేతిలో పొద్దుటి గడ్డి కోత మాత్రం ఎర్రగా ఉంది.

"నేను ఇడువలే అక్కా" అన్నాను. "ఆయననే ఇప్పుకున్నడు."

ఆ మాట నా నోట వినగానే చిన్నాయన గొంతు గుర్తొచ్చింది. పెద్దల్లో ఒకాయన మట్టిలోకి ఉమ్మేశాడు. అక్క ఉమ్మలేదు, ఏడవలేదు, నా చేతులు వదలలేదు. ఆమె తేనె తీసేవాళ్ల ఇంట్లో పుట్టింది, తేనె తీసేవాడి ఇంటికి పోయింది. ఏమడగాలో ఆమెకు తెలుసు.

"రెండుసార్లు గుంజిండా తమ్మీ?" అని అడిగింది.

నేను జవాబివ్వలేదు.